వెలుతురు సోకితే పనిచేసే రంగులు

1897-98 చలికాలంలో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఒక చిన్న చిక్కులో పడ్డాడు. ఔషధశాస్త్ర ఆచార్యుడైన హెర్మన్ ఫాన్ టాపైనర్ అతనికి అప్పగించిన పని పైకి చూస్తే చాలా తేలికైనది. తారునుంచి లభించే ఆక్రిడిన్ అనే పదార్థాన్ని నీటిలో బాగా పలచగా కలిపి, అందులో పారమీసియం అనే ఏకకణ జీవులను వదలాలి. అవి ఎంతసేపటికి చనిపోతాయో సూక్ష్మదర్శినిలో చూసి కాలం రాసుకోవాలి. పారమీసియం మన పాఠశాల విద్యార్థులకు కొత్తది కాదు. ఎండుగడ్డి నానవేసిన నీటిలో నాలుగైదు రోజులకు చెప్పు ఆకారంలో ఈదుతూ కనిపించే ప్రాణి అదే.

ఈ పని వెనుక ఒక పెద్ద ఆశ ఉన్నది. ఆ కాలంలో జర్మనీ రంగుల పరిశ్రమకు పుట్టినిల్లు. నూలుకూ పట్టుకూ అద్దే రంగులతోనే వైద్యులు జీవకణాలకు కూడా రంగు వేసి చూస్తూ ఉండేవారు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క కణానికే అంటుకొనడం గమనించిన పాల్ ఎర్లిష్‌కు ఒక ఊహ తోచింది. మలేరియా క్రిమికి గాఢంగా అంటే రంగు ఏదైనా ఉంటే, అది ఆ క్రిమినే చంపి మనిషిని విడిచిపెట్టవచ్చును గదా! 1891లో ఆయన గుట్‌మన్ అనే వైద్యునితో కలిసి మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును ఇద్దరు మలేరియా రోగులకు ఇచ్చి గుణం చూశాడు. రాబ్ చేతిలోని ఆక్రిడిన్ కూడా ఈ దారిలో వచ్చినదే. మలేరియా క్రిమిని గాజుపలక మీద పెంచడం అప్పటికి ఎవరికీ సాధ్యం కాలేదు. అందుచేత దానికి బదులుగా పారమీసియం పరీక్షకు నిలబడింది.

రాబ్‌కు వచ్చిన చిక్కు ఇది. ద్రావణం గాఢత మారలేదు, ఉష్ణోగ్రత మారలేదు. అయినా ఒకనాడు పారమీసియాలు త్వరగా చనిపోయేవి, మరొకనాడు ఎంతోసేపు హాయిగా ఈదులాడేవి. ఇంకొక విద్యార్థి అయితే రెండు లెక్కలూ కలిపి సగటు తీసి, కాగితం గురువుగారి బల్లమీద పెట్టి ఇంటికి వెళ్లేవాడు. మన ప్రయోగశాలలలో నిత్యం జరిగేది అదే. రాబ్ అట్లా చేయక, ఆ రెండు రోజులలో తేడా ఏమున్నదా అని వెనక్కు తిరిగి చూసుకొన్నాడు. ప్రాణులు చాలాసేపు బతికిన రోజున ఆకాశం ఉరుములు మెరుపులతో మబ్బు పట్టి, గదిలో వెలుతురు మందగించి ఉన్నది. తరువాత అతడు కావాలనే కొన్ని పాత్రలను చీకటిలోను, కొన్నింటిని వెలుతురులోను ఉంచి చూశాడు. అంత పలచని ఆక్రిడిన్ చీకటిలో పారమీసియాలను ఏమీ చేయలేదు. ఆక్రిడిన్ లేని నీటిలో వెలుతురు ఒక్కటే సోకినా వాటికి హాని లేదు. రెండూ కూడినప్పుడే చావు. 1900లో రాబ్ ఈ సంగతిని ప్రకటించాడు. ఆక్రిడిన్ ద్రావణం వెలుతురులో మిలమిల మెరుస్తుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు. ఆ గుణానికీ ఈ చావుకూ సంబంధం ఉండాలని అతడు భావించాడు. పత్రహరితం వెలుతురును పట్టి చెట్టుకు ఉపయోగించినట్లే, ఈ రంగు కూడా వెలుతురు శక్తిని పట్టి మరొక చోటికి అందిస్తున్నదని ఊహించాడు. ఆ ఊహలో చాలాభాగం నిజమని తరువాత తేలింది.

ఆ 1900లోనే ఫ్రాన్స్‌లో ప్రీమ్ అనే వైద్యుడు మూర్ఛరోగులకు ఇయోసిన్ అనే ఎర్రరంగును మందుగా తినిపించాడు. ఉపాధ్యాయులు పుస్తకాలు దిద్దే ఎర్రసిరాలో వాడుకలోకి వచ్చిన రంగే ఇది. మూర్ఛ సంగతి ఎట్లా ఉన్నా, ఎండ తగిలే ముఖం మీదా చేతుల మీదా రోగుల చర్మం కమిలిపోయింది. బట్టల చాటున ఉన్న చర్మానికి ఏమీ కాలేదు. గాజుపాత్రలో రాబ్ చూసినది మనిషి ఒంటిమీద కూడా జరుగుతుందనడానికి ఇది కోరకుండా వచ్చిన సాక్ష్యం.

టాపైనర్ దీనిని వదలలేదు. చర్మవైద్యుడైన యెజియోనెక్‌ను తోడు తీసుకొని, 1903లో చర్మపు కాన్సరు పుండ్లమీద ఇయోసిన్ పూసి, వెలుతురు పడనిచ్చి, కొందరిలో గుణం కనిపించినదని ప్రకటించాడు. మరుసటి సంవత్సరం యోడ్ల్‌బౌవర్‌తో కలిసి అంతకంటె ముఖ్యమైన విషయం తేల్చాడు. రంగు ఉన్నా, వెలుతురు ఉన్నా, ఆమ్లజని, అనగా ఆక్సిజన్ లేకపోతే ఏమీ జరగదు. ఈ మూడింటి కూడికకు ఆయన ఫొటోడైనమిక్ చర్య అని పేరు పెట్టాడు. కాంతిగతిక చర్య అని మనం అనుకోవచ్చును. ఫోటో పలకలమీద రంగులు పూసి వాటి చూపును పెంచే పద్ధతి 1873నుంచీ ఉన్నది. దానితో దీనిని కలిపివేయకుండా ఉండటానికే కొత్త పేరు కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక సాహసం చెప్పుకోవాలి. రక్తంలోని ఎర్రపదార్థం నుంచి తీసిన హెమటోపోర్ఫిరిన్ అనే రంగు, వెలుతురు ఉంటే ఎలుకలను చంపుతున్నదని 1911 ప్రాంతంలో హౌస్‌మన్ చూపించాడు. మనిషి సంగతి ఏమిటి? 1912 అక్టోబరులో ఫ్రీడ్రిష్ మేయర్-బెట్స్ అనే జర్మన్ వైద్యుడు 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్‌ను తన నరంలోకి తానే ఎక్కించుకొన్నాడు. ఎండ తగిలిన తరువాత ఆయన ముఖం గుర్తుపట్టరానంతగా వాచిపోయింది. రెండు నెలలు దాటినా ఎండ ఆయనకు శత్రువుగానే మిగిలింది. వాచిన ముఖం ఫోటోలు నేటికీ గ్రంథాలలో కనిపిస్తాయి. ఇటువంటి ప్రయోగాన్ని మెచ్చుకోవాలో మందలించాలో చెప్పడం కష్టమే. కాని పోర్ఫిరిన్‌లు మనిషి శరీరంలో ఎంతకాలం నిలుస్తాయో వైద్యలోకానికి మొదట తెలిసినది ఆ ముఖం చూసే.

వెలుతురును పట్టిన రంగు ఆమ్లజనిని ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నకు 1931లో హాన్స్ కౌట్‌స్కీ చేసిన ప్రయోగం భౌతిక రసాయనశాస్త్రంలో చక్కని ప్రయోగాలలో ఒకటి. విద్యార్థులు దీనిని కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. సిలికా జెల్ గింజలు కొన్ని తీసుకొని వాటికి ట్రిపఫ్లేవిన్ అనే పసుపురంగు పట్టించాడు. ఇది ఆక్రిడిన్ కుటుంబానికి చెందినదే. వేరే గింజలకు ఇంకొక పదార్థం పట్టించాడు. మామూలుగా దానికి రంగు లేదు. ఆమ్లజనితో కలిసి మారితే మాత్రం ఆకుపచ్చ అవుతుంది. ఈ రెండు రకాల గింజలనూ కలగలిపి, కొద్దిపాటి ఆమ్లజని ఉన్న పాత్రలో ఉంచి వెలుతురు పడనిచ్చాడు. రంగులేని గింజలు పచ్చబడ్డాయి!

పసుపురంగు ఒక గింజలో బందీ. రెండో పదార్థం మరొక గింజలో బందీ. గింజ దాటి గింజకు అవి పోలేవు. మధ్య తిరగగలిగినది వాయువు ఒక్కటే. అంటే వెలుతురు శక్తిని రంగు ఆమ్లజని అణువుకు అందించింది. ఆ శక్తితో ఉత్తేజం పొందిన అణువు గాలిలో ఎగిరిపోయి రెండో గింజను చేరి దానిని మార్చింది. మామూలు ఆమ్లజని చేయలేని పనిని ఈ ఉత్తేజిత ఆమ్లజని చేసింది. దీనికే సింగ్లెట్ ఆక్సిజన్ అని పేరు.

ఇంత స్పష్టమైన ప్రయోగాన్ని ఆనాటి పెద్దలు చాలామంది నమ్మలేదంటే నేడు ఆశ్చర్యంగా ఉంటుంది. శక్తి లెక్కలు సరిపోవడం లేదని వారి ఆక్షేపణ. కౌట్‌స్కీ మాట సుమారు ముప్పై ఏళ్లు మూలపడి ఉన్నది. 1963లో ఖాన్, కాషా అనే వారు హైడ్రోజన్ పెరాక్సైడు, హైపోక్లోరైటు కలిపినప్పుడు వచ్చే ఎర్రని వెలుగు ఉత్తేజిత ఆమ్లజనిదేనని చెప్పారు. 1964లో ఫూట్, వెక్స్‌లర్‌లు అట్లా పుట్టించిన ఆమ్లజని, రంగు-వెలుతురు కలిసి చేసే పనులే చేస్తున్నదని నిరూపించారు. కౌట్‌స్కీ 1966లో మరణించాడు. తన మాట నెగ్గడం చూసే పోయాడన్నమాట.

ఈ ఉత్తేజిత ఆమ్లజని ఆయుర్దాయం నీటిలో సుమారు 4 మైక్రోసెకండ్లు మాత్రమే. కణంలోపల అంతకన్న తక్కువ. అందుచేత అది పుట్టినచోటికి ఎంతో దూరం పోలేదు. పక్కనున్న పొరలనూ ప్రోటీనులనూ కాల్చి తానూ ఆరిపోతుంది. వైద్యానికి ఈ దుర్బలతే ఒక వరమైంది. రంగు ఉన్నచోట, వెలుతురు పడినచోట మాత్రమే దెబ్బ తగులుతుంది. మిగతా శరీరం క్షేమం.

మన తెలుగుదేశంలో బొల్లికి బావంచి గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టే వైద్యం పాతకాలంనుంచీ ఉన్నది. అదీ వెలుతురుతో పనిచేసేదే. కాని దానిలోని సోరలెన్ ముఖ్యంగా ఆమ్లజనితో పని లేకుండా, కణకేంద్రంలోని డీఎన్ఏకు నేరుగా అతుక్కొని పనిచేస్తుంది. కాబట్టి దానికీ టాపైనర్ మార్గానికీ పోలిక ఉన్నదే కాని చుట్టరికం లేదు.

ఇక చర్మాన్ని తినే పరాన్నభుక్కుల సంగతికి వద్దాం. వీటిలో ప్రసిద్ధమైనది లీష్‌మానియా. ఇసుక ఈగ కుట్టినప్పుడు ఇది మనిషిలో ప్రవేశిస్తుంది. క్రిములను మింగి చంపవలసిన భక్షక కణాలలోనే ఇది కాపురం పెడుతుంది. దీని జాతులలో ఒకటి లోపలి అవయవాలకు పట్టి కాలా అజార్ కలిగిస్తుంది. ఆ వ్యాధి క్రిమిని 1903లో వెలికి తెచ్చినవారు ఇద్దరు. డమ్ డమ్‌లో జ్వరం తగిలి ఇంగ్లండులో చనిపోయిన సైనికుని ప్లీహంలో చూసినవాడు లీష్‌మన్. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రోగులలో చూసినవాడు చార్లెస్ డోనవాన్. కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు చాలామట్టుకు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. రొనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి ఆ క్రిమికి లీష్‌మానియా డోనవాని అని నామకరణం చేసి తగవు తీర్చాడు.

చర్మానికి పట్టే జాతుల వల్ల వచ్చే పుండుకు ఊరికొక పేరు ఉన్నది. బాగ్దాదు పుండు, అలెప్పో పుండు, ఢిల్లీ పుండు అని పిలిచేవారు. ఢిల్లీ పుండులో వింత కణాలున్నట్లు కనింగ్‌హామ్ 1885లోనే రాశాడు. అవి ఏకకణ ప్రాణులని 1898లో తాష్కెంటులో బోరోవ్‌స్కీ గుర్తించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6 లక్షల నుంచి 10 లక్షల మందికి కొత్తగా ఈ చర్మవ్యాధి సోకుతున్నది. మన దేశంలో రాజస్థాన్‌లోని బికనేరు ప్రాంతంలో ఇది చాలాకాలంగా ఉన్నది. పుండు ప్రాణం తీయదు. చాలామందిలో నెలలు గడిచిన మీదట దానంతట అదే మానుతుంది కూడా. కాని ముఖం మీద చెంపనో ముక్కునో గుంట పడిన మచ్చ జన్మాంతం ఉండిపోతుంది. అలెప్పోలోనో కాబూలులోనో ఒక ఆడపిల్ల తల్లికి అది ఎంత దుఃఖమో వేరే చెప్పనక్కరలేదు. పూర్వం కొన్ని ప్రాంతాలలో పిల్లలకు పుండు రసాన్ని బట్టల చాటున ఉండే చోట కావాలని అంటించేవారు. ఒకసారి వచ్చి మానితే మళ్లీ రాదని, ముఖం దక్కుతుందని వారి నమ్మకం. ఆ నమ్మకంలో శాస్త్రం లేకపోలేదు.

దీనికి నిలకడైన మందు అంజనం, అనగా ఆంటిమనీ సమ్మేళనాలు. బ్రెజిల్‌లో గాస్పర్ వియన్నా 1912లోను, కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920ల ప్రారంభంలో యూరియా స్టిబమైన్‌తోను ఈ దారి తెరిచారు. వేలాది ప్రాణాలు నిలిపిన మందే అయినా ఇది గుండెకూ కాలేయానికీ బరువు. రోజుల తరబడి సూదులు పొడవాలి. చెంపమీది ఒక్క పుండు కోసం ఒళ్లంతా ఆ మందు నింపడం ఎలుకకోసం ఇల్లు తగలబెట్టడమే కాదా అని వైద్యులకు తోచింది. రంగూ వెలుతురూ ఇక్కడ రంగప్రవేశం చేశాయి.

అంతకుముందే కాన్సరు వైద్యంలో ఈ పద్ధతి మళ్లీ తలెత్తింది. అమెరికాలో లిప్సన్, ష్వార్ట్స్ ప్రభృతులు హెమటోపోర్ఫిరిన్‌ను సంస్కరించారు. డొహర్టీ 1978లో దానితో 25 మంది రోగులకు చేసిన చికిత్స ఫలితాలు ప్రకటించాడు. అయితే ఆ మందు తీసుకొన్నవారు వారాల తరబడి ఎండకు దూరంగా ఉండాలి. మేయర్-బెట్స్ కష్టమే వారిదీను. 1990లో కెనడాలో కెనెడీ, పాటియర్, ప్రాస్ అనేవారు ఒక తెలివైన ఉపాయం పన్నారు. రంగును బయటినుంచి ఇవ్వడం ఎందుకు? శరీరం చేతనే చేయిస్తే సరి. మన రక్తవర్ణకానికి మూలమైన హీమ్‌ను కణాలు మెట్టుమెట్టుగా తయారుచేస్తాయి. మొదటి మెట్టులో అమైనోలెవులినిక్ ఆమ్లం పుడుతుంది. చివరి మెట్టుకు ముందు ప్రోటోపోర్ఫిరిన్ అనే రంగు వస్తుంది. దానిలో ఇనుము చేరితే హీమ్. కణం మొదటి మెట్టు దగ్గరే పగ్గం పట్టుకొని ఉంటుంది కనుక రంగు ఎన్నడూ పోగుపడదు. ఆ ఆమ్లాన్నే లేపనంగా పుండుమీద రాస్తే పగ్గం తప్పిపోతుంది. కొన్ని గంటలలో అక్కడి కణాలు ప్రోటోపోర్ఫిరిన్‌తో నిండిపోతాయి. అప్పుడు సుమారు 635 నానోమీటర్ల ఎర్రని వెలుతురు పడనిస్తే చాలు. నీలి కాంతిని ఈ రంగు ఇంకా బాగా పీల్చుకొంటుంది కాని, ఆ కాంతి చర్మంలో లోతుకు పోలేదు. చీకటిగదిలో టార్చిలైటుకు అరచేయి అడ్డుపెడితే వేళ్లు ఎర్రగా వెలగడం పిల్లలందరూ చూసినదే. ఎరుపుకే ఆ దారి తెలుసు.

ఈ లేపనాన్ని లీష్‌మానియా పుండ్లకు వాడి 2003లో జర్మనీ వైద్యులు ఒక ముచ్చటైన పరీక్ష ప్రకటించారు. రోగి ఒక్కడే, పుండ్లు పది. అయిదింటికి వెలుతురు చికిత్స, అయిదింటికి పారొమొమైసిన్ అనే మందు పూత. మొదటి అయిదూ శుభ్రంగా మానాయి. రెండో అయిదింటిలో రెండే మానాయి. ఒకే శరీరం, ఒకే క్రిమి కావడం వల్ల ఈ పోలికకు విలువ వచ్చింది. అయినా ఒక్క రోగితో శాస్త్రం నిలవదు. ఈ పుండు దానంతట అదే మానే స్వభావం కలది కనుక, ఏ బూడిద పూసినా కొందరికి తగ్గుతుంది. మందులేని పూతతో కూడా పోల్చి చూడటం తప్పనిసరి. 2006లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వైద్యులు అట్లా చూశారు. సుమారు 60 మంది రోగులను మూడు జట్లుగా విడదీశారు. వెలుతురు చికిత్స పొందిన 31 పుండ్లలో 29 పూర్తిగా మానాయి, అంటే 93.5 శాతం. పారొమొమైసిన్ పూసిన 34లో 14 మానాయి. ఉత్తి పూత పూసిన 30లో కూడా 4 మానాయి! ఆ నాలుగే లేకపోతే మిగతా అంకెలకు అర్థమే ఉండదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. లీష్‌మానియా లేపనాన్ని తిని రంగు తయారుచేసుకొని, వెలుతురులో పారమీసియంలాగే చచ్చిపోతున్నదని అందరూ అనుకొన్నారు. కాని జీవరసాయనజ్ఞులకు ఒక పాత సంగతి తెలుసు. ఈ జాతి క్రిములు హీమ్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. ఆతిథేయి దగ్గర అరువు తెచ్చుకొంటాయి. 1930ల దశకంలో లువోఫ్ దంపతులు పారిస్‌లో ఈ విషయం మీద పనిచేశారు. హీమ్ తయారీకి కావలసిన ఎంజైములలో చాలావరకు లీష్‌మానియాకు లేవు. మరి లేని ఎంజైములతో రంగు ఎట్లా తయారవుతుంది? బోస్టన్‌లో అకిలోవ్, హసన్ ప్రభృతులు ఎలుకలమీద పరిశోధించి 2007లో జవాబు చెప్పారు. రంగు తయారయ్యేది క్రిమిలో కాదు, అది కాపురమున్న మన భక్షక కణంలో. వెలుతురు తగిలి చచ్చేది ఆ కణం. ఇల్లు కూలితే లోపలివాడు బతకలేకపోయినట్లు క్రిమి దానితోపాటు నశిస్తున్నది. చికిత్స ఫలించింది కాని, అనుకొన్న కారణంచేత కాదు! క్రిమికే అంటే రంగు కావాలన్న ఎర్లిష్ ఊహకు ఇది పూర్తిగా తలక్రిందులు.

ఆ ఊహ ఇంకొక వైపునుంచి తిరిగి వచ్చింది. మిథిలీన్ బ్లూ క్రిమిలోకే చొచ్చుకొనిపోయే రంగు. ఎర్రని వెలుతురుతో అదీ ఆమ్లజనిని ఉత్తేజపరుస్తుంది, పైగా చాలా చవక. బ్రెజిల్ పరిశోధకులు 2011లో దీనిని తక్కువ ఖర్చు దీపంతో కలిపి చర్మపు లీష్‌మానియాకు వాడి ఫలితం ప్రకటించారు. అమైనోలెవులినిక్ లేపనాలు ఖరీదైనవి కావడమూ, ఈ వ్యాధి బీదవారి వ్యాధి కావడమూ తలచుకొంటే ఈ నీలిరంగు మీద శ్రద్ధ ఎందుకో తెలుస్తుంది. దక్షిణ అమెరికాలోని కొన్ని జాతులు చర్మంనుంచి ముక్కు, గొంతు పొరలకు పాకుతాయి. అటువంటి చోట పైపూత వైద్యం మాత్రమే చాలదు, లోపలికి మందు ఇవ్వవలసిందే. ఇంకొక ఇబ్బంది నొప్పి. ఎర్రదీపం కింద పుండు భగభగ మండుతుంది. కొందరు రోగులు మధ్యలోనే లేచిపోతారు.

ఈ నొప్పి, దీపం ఖరీదు రెండూ తప్పించడానికి జెరూసలేంలో క్లాస్ ఎంక్, అతని సహచరులు దీపాన్నే తీసివేశారు. 31 మంది రోగులపై వారు చేసిన ప్రయత్నం 2015లో ప్రకటితమైనది. పుండుమీద లేపనం దట్టంగా రాసి అరగంట కప్పి ఉంచడం, తరువాత రెండున్నర గంటలు పగటి వెలుతురులో కూర్చోవడం, ఇదే చికిత్స. వారానికి ఒకసారి, పుండు మానేదాకా. దీపం కింద రంగు ముందే పోగుపడి ఒక్కసారిగా మండుతుంది. పగటి వెలుతురులో అది పుట్టినది పుట్టినట్లే ఖర్చవుతుంది కాబట్టి నొప్పి బాగా తగ్గుతుంది. రోగులలో 14 మంది ఆసుపత్రి తోటలో వైద్యుల కళ్లముందు కూర్చొన్నారు. మిగిలిన 17 మంది లేపనం ఇంటికి తీసుకొనిపోయి తమ పెరటిలోనే చికిత్స చేసుకొన్నారు. చికిత్స పూర్తిచేసినవారిలో నూటికి 89 మందికి వ్యాధి నయమైంది. తోటలో కూర్చొన్నవారి కంటె ఇంట్లో చేసుకొన్నవారి ఫలితం ఏమాత్రం తీసిపోలేదు.